నాదీ అంతే

ఆ చిన్న విమానాశ్రయంలో అతన్ని అందరూ బావమరిది అనే పిలుస్తారు. మొదట్లో ఆ పిలుపులో కాస్త వెటకారం ఉండేది. కెప్టెన్ గారి భార్యకి తమ్ముడు కాబట్టే కుర్చీ దొరికిందని, మూటలెత్తేవాళ్ళ దగ్గర్నుంచి టీ ఇచ్చేవాడి దాకా చాటుగా నవ్వుకునేవాళ్ళు. తర్వాత ఆ కెప్టెన్ గారు పోయారు. బావ పోయి పదకొండేళ్ళయింది. ఇప్పుడు ఇతనే కెప్టెను, జుట్టు సగం నెరిసింది, అయినా బావమరిది బావమరిదిగానే మిగిలిపోయాడు.

విమానాశ్రయం అన్నానని పెద్దగా ఊహించుకోకండి. ఒక రేకుల షెడ్డు, ఒక రన్‌వే, మూటలు తూచే కాటా, గోడకి ఒక రేడియో పెట్టె, అంతే. ఉన్న ఒక్క విమానం రెండు ఇంజన్ల పాతది. పది సీట్లలో ఎనిమిది పీకేసి, అక్కడ ఉత్తరాల సంచులూ మందుల పెట్టెలూ వేస్తారు. ముందున్న రెండు సీట్లలో ఇద్దరు కూర్చుంటారు. ఒకరు నడపాలి, రెండోవాళ్ళు ఆ నడిపే మనిషిని కనిపెట్టుకుని ఉండాలి. ఈ రెండో పని చూడ్డానికి మహా సుళువు. చెప్పొద్దూ, కొంప ముంచేది కూడా అదే.

ఆ మధ్యాహ్నం ఆ రెండో సీట్లోకి అతని మేనకోడలు వచ్చింది. బావ కూతురు. తండ్రి పోయేనాటికి పన్నెండేళ్ళ పిల్ల, ఇప్పుడు భుజాల మీద పట్టీలతో, తొడకి కట్టుకునే అట్టతో, చెవి మీద పెన్సిలుతో ఎదురుగా నిలబడింది. మావయ్యతో కలిసి మబ్బుల్లోకి వెళ్ళడం అదే మొదలు.

పొద్దున్నే అక్క ఫోన్ చేసింది. "తమ్ముడూ, నీ పక్కన కూర్చుంటుంది కాబట్టి సరే అన్నాను. ఇంకొకరైతే కాళ్ళు విరగ్గొట్టి ఇంట్లో కూర్చోబెట్టేదాన్ని. ఒక్కగానొక్కటిరా. జాగ్రత్త."

"దానిమీద ఈగ కూడా వాలదక్కా," అన్నాడు.

అన్నాడు గానీ, ఫోన్ పెట్టేశాక ఆ పూట వాన కబురు రెండుసార్లు అడిగి తెలుసుకున్నాడు.

"మావయ్యా, ముందే చెప్తున్నా," అంది అమ్మడు విమానం ఎక్కుతూ. ఇంట్లో అందరూ దాన్ని అలాగే పిలుస్తారు. "నువ్వు కెప్టెనువైనా సరే, వంద అడుగులు అటూ ఇటూ అయితే నేను ఊరుకోను. గొంతు చించుకుని అరుస్తా. నాన్న చేసిన పని నా ముందు ఇంకెవరూ చెయ్యకూడదు."

ఆ చివరి మాటకి అతను తల వంచుకుని, ఊడని బూటు లేసు మళ్ళీ కట్టుకున్నాడు.

బావ చేసిన పనేమిటో ఊరందరికీ తెలుసు. విమానంలో ఎత్తు చూపించే గడియారం ఉంటుంది, ఇద్దరి ముందూ చెరొకటి. దానికో చిక్కుంది. అది గాలి ఒత్తిడిని బట్టి ఎత్తు లెక్క కడుతుంది. ఒత్తిడేమో పూటకో రకం. అందుకని కింద ఉన్నవాళ్ళు రేడియోలో ఆ పూట అంకె చెప్తారు. గడియారం మూలనున్న మర తిప్పి, చిన్న కిటికీలో ఆ అంకె పెట్టుకోవాలి. అంకె పది ఎక్కువైందా, గడియారం మూడొందల అడుగులు ఎక్కువ చూపిస్తుంది. మనం పైన ఉన్నామనుకుంటాం, ఉండేది కింద.

దారిలో ఒక కొండ వరస ఉంది. పైలట్లు దాన్ని రంపం అంటారు. దాని మీది చెట్లు అయిదువేల ఏడొందల అడుగులు. పుస్తకం ప్రకారం ఏడువేల ఎత్తులో దాటాలి. కానీ అంత పైనుంచి అవతల లోయలోకి దిగడానికి చోటు చాలదు, చుట్లు తిరగాలి. అందుకని తాతల కాలం నుంచీ అందరూ ఆరువేలకే దాటేస్తారు. మూడొందల అడుగులే ఎడం. ఆ ఎడాన్ని ఆ రోజు బావ పోగొట్టాడు. కింద నుంచి తొమ్మిది వందల తొంభై ఏడు అని చెప్తే, బావ మర తిప్పుతూ తిప్పుతూ చివర ఏడు కనబడగానే ఆపేశాడు. కిటికీలో ఉన్నది వెయ్యి ఏడు.

ఊరికి తెలిసింది ఇంతవరకే. బావమరిది గడియారం మాత్రం సరిగ్గా ఉందని, "బావా, నీది తప్పు" అని హెచ్చరించినా ఆ పెద్దమనిషి వినలేదని, విచారణ కాగితాల్లో రాశారు. అక్క ఆ కాగితాలు చదివి బీరువాలో బట్టల కింద పెట్టేసింది. ఆ తర్వాత మొగుడి మాట ఎవరెత్తినా లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది.

తెలియనిది ఏమిటంటే, అంకె పైకి చదవాలన్న నియమాన్ని వాళ్ళిద్దరూ ఎప్పుడో గాలికొదిలేశారు. బావాబావమరుదుల చనువు. బావ బుగ్గన లవంగం పెట్టుకుని, "పెట్టానురోయ్, నీది?" అనేవాడు. ఇతను, "నాదీ అంతే," అనేవాడు. ఆ రోజు ఇతను ఫ్లాస్కు మూత బిగిస్తున్నాడు. ఇతను బావ గడియారం కిటికీలోకి ఓరకంట చూసి, అందులో ఉన్నదే తన దాంట్లో పెట్టేసి, "నాదీ అంతే," అన్నాడు. రెండు గడియారాలూ ఒకే అబద్ధం చెప్పాయి.

చెట్లు తగిలి పడ్డాక ఇతనికి మెలకువ వచ్చింది. కాలు విరిగింది. నలిగిన పచ్చి ఆకుల వాసన. ఒళ్ళో తను రాసుకున్న చీటీ, దాని మీద తొమ్మిది వందల తొంభై ఏడు. పక్కన బావ. ఊపిరి గురగురమంటోంది, మాట లేదు, కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి. ఆ కళ్ళు చూస్తుండగానే ఇతను చెయ్యి చాపి, తన గడియారం మర తిప్పి, అంకె సరిచేసుకున్నాడు. ఒక్క తనదే.

మనుషులు వచ్చేసరికి బావ పోయాడు. అదీ సంగతి. పదకొండేళ్ళుగా ఇతను "నాదీ అంతే" అన్న మాట ఇంకెప్పుడూ అనలేదు. ఎవరడిగినా అంకెలే చదివేవాడు.

* * *

ఎగిరినప్పుడు అంతా బాగానే ఉంది. ఇంజన్ల మోతలో, తలకి తగిలించుకున్న మైకు తీగ ఉంటేనే ఒకరి మాట ఒకరికి వినబడేది. అమ్మడు కళ్ళల్లో వత్తులు వేసుకుని కూర్చుంది.

"ఇంకో వెయ్యి ఎక్కాలి."

"సరే."

"ఆరువేలు. ఆగింది."

ఒక్కో మాటకి అతను జవాబివ్వగానే అమ్మడి పెన్సిలు అట్ట మీది కాగితంలో ఒక టిక్కు పెడుతోంది. ఒక జవాబు, ఒక టిక్కు. పిల్ల పని చూస్తుంటే అతనికి ముచ్చటేసింది. బావ ఉంటే ఎంత మురిసిపోయేవాడో అనుకున్నాడు. అనుకోకుండా ఉండాల్సింది.

రంపం ఇంకా పదిహేను మైళ్ళుందనగా మబ్బులోకి దూరారు. పట్టపగలే చీకటి పడిపోయింది. ముందు అద్దం మీద నీళ్ళు అడ్డంగా పాకుతున్నాయి. రెక్కల చివర్లు కనబడ్డం లేదు. ఇంజన్ల మోత దుప్పటి కప్పినట్టు మందగించింది. మిణుకుమిణుకుమంటున్న గడియారాలు తప్ప లోకంలో ఇంకేమీ లేనట్టుంది.

అప్పుడు వాసన వచ్చింది.

లవంగం. దాని వెనకాలే నలిగిన పచ్చి ఆకులు.

"ఏదైనా నములుతున్నావా అమ్మడూ?"

"లేదే. ఎందుకు?"

"ఏం లేదు."

రేడియో గరగరలాడింది. లోయలో ఉన్న రేడియో మనిషి ఆ పూట అంకె చెప్పాడు. తొమ్మిది వందల తొంభై ఏడు.

సంవత్సరానికి ఎన్నో రోజులు, ఎన్నో అంకెలు. ఇన్నేళ్ళలో ఈ అంకె ఈ దారిలో మళ్ళీ ఎప్పుడూ రాలేదు. అయినా అతను మర తిప్పాడు, పెట్టాడు, కళ్ళారా చూసుకున్నాడు.

"నాది తొమ్మిది వందల తొంభై ఏడు," అంది అమ్మడు.

"నాదీ అంతే."

నోరు జారింది. ఎలా జారిందో అతనికే తెలియదు. నాలుక కొరుక్కునేలోపు, చెవుల్లో, చాలా దగ్గరగా, ఇంకో గొంతు...

"నాదీ అంతే."

మగ గొంతు. బుగ్గన ఏదో పెట్టుకుని మాట్లాడినట్టు.

"అంకె చదువు మావయ్యా," అంది అమ్మడు విసుగ్గా. "నాదీ అంతే ఏమిటి? ఇదేమైనా సంతా?"

అతను చదవబోయాడు. కిటికీలో వెయ్యి ఏడు.

మర తిప్పాడు. తొమ్మిది వందల తొంభై ఏడు. చెయ్యి తీశాడు. వెయ్యి ఏడు. మళ్ళీ తిప్పాడు, వేలు తియ్యకుండా నొక్కి పట్టుకున్నాడు. వేలి కిందే మర మెల్లిగా, ఓపిగ్గా వెనక్కి తిరిగింది.

"అమ్మడూ... నాది ఎంతుందో చూసి చెప్పు."

అమ్మడు మెడ సాచి చూసింది. "తొమ్మిది వందల తొంభై ఏడు. సరిగ్గానే ఉందిగా."

అతను అమ్మడి గడియారం కేసి చూశాడు. అందులోనూ వెయ్యి ఏడు.

పిల్ల కళ్ళు నమ్మాలా, తన కళ్ళు నమ్మాలా? పిల్లది నిజమైతే ఆరువేలల్లో ఉన్నారు. తనది నిజమైతే చెట్ల కొమ్మల ఎత్తులోనే ఉన్నారు. రంపం ఇంకా నాలుగు మైళ్ళు. కొండ దగ్గరైతే అరిచే యంత్రం ఆ పాత బండిలో లేదు. అతను విమానం ముక్కు పైకెత్తాడు.

"వంద ఎక్కువ, మావయ్యా."

ఇంకా ఎత్తాడు.

"రెండొందలు... మూడొందలు ఎక్కువ. మావయ్యా, ఏం చేస్తున్నావ్? దిగడానికి చోటు చాలదు!"

ఏం చెప్తాడు? ఎందుకెక్కుతున్నాడో చెప్పాలంటే పదకొండేళ్ళ కిందటి నుంచీ మొదలుపెట్టాలి.

వెనక సంచుల్లోంచి ఊపిరి వినబడింది. గురగురమని. తడిగా. ఆగి... మళ్ళీ మొదలై... అతను ఒళ్ళంతా తిప్పి వెనక్కి చూశాడు. సంచులే. కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. అన్నిటికన్నా పైనున్న సంచి మాత్రం నడుమ కుంగి ఉంది. దాని మీద ఎవరో కూర్చున్నట్టు.

మళ్ళీ ముందుకి తిరిగాడు. ఏడుపొచ్చేసింది. ఇంక దాచడం అతని వల్ల కాలేదు.

"నేనే," అన్నాడు. "ఆ రోజు నాదీ తప్పే. మీ నాన్న దాంట్లో చూసి పెట్టుకున్నాను. నేను ఆయనకి ఏమీ చెప్పలేదమ్మా... హెచ్చరించానన్నది అబద్ధం. పడ్డాక నాది సరిచేసుకున్నాను. మీ నాన్న ఇంకా బతికే ఉన్నాడు. చూస్తూ ఉన్నాడు. ఆయన చూస్తుండగానే తిప్పాను. నన్ను క్షమించు తల్లీ..."

అమ్మడు ముందుకే చూస్తోంది.

చెవుల్లో జవాబు వచ్చింది. అలసిపోయిన గొంతు. కోపం కూడా లేదందులో.

"నాకెందుకురా చెప్తావు... నేను చూస్తూనే ఉన్నాగా." ఊపిరి గురగుర. "దానికి చెప్పు."

విమానం పొట్ట కింద ఏదో గీరింది. సన్నగా, గోటితో గీసినట్టు. ఒక్క క్షణమే. ఆ వెంటనే మబ్బు విడిపోయింది. కింద లోయ, లోయలో తడిసిన రన్‌వే.

* * *

రెండు చుట్లు తిరిగి దిగారు. ఇంజన్లు ఆపాక అతను కాసేపు కుర్చీలోనే ఉండిపోయాడు. పోతే పోయింది, చెప్పేశాను, అనుకున్నాడు. పిల్ల ఇక తన మొహం చూడకపోవచ్చు. అక్క గుమ్మం తొక్కనివ్వకపోవచ్చు. అయినా గుండె మీంచి బండ దిగినట్టుంది. పదకొండేళ్ళకి మొదటిసారి నిండా ఊపిరి పీల్చుకున్నాడు.

"అమ్మడూ... అంతా విన్నావు కదా," అన్నాడు.

"ఏం వినాలి?" అంది అమ్మడు, కోపంగానే. "ఇదిగో, నీ మైకు తీగ ఊడిపోయి వేలాడుతోంది. వెనక్కి తిరిగినప్పుడు లాగేసినట్టున్నావు. నేను మూడుసార్లు పిలిచాను. నువ్వేమో పెదాలు కదుపుకుంటూ ఏడుస్తున్నావు. దేవుణ్ణి తలుచుకుంటున్నావేమో అనుకున్నా. ఒంట్లో బాగోకపోతే ముందే చెప్పొచ్చుగా మావయ్యా! నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు తెలుసా?"

దించిన బండ మళ్ళీ ఎవరో తెచ్చి అక్కడే పెట్టారు.

కింద సంచులు దించుతున్న ఆయన చక్రం దగ్గర వంగి నవ్వాడు. "ఏవండీ బావమరిది గారూ, దారిపొడుగునా పశువులకి మేత కోసుకొచ్చారా?" చక్రం సందులోంచి ఒక కొమ్మ లాగాడు. పచ్చి ఆకులు, ఇంకా రసం కారుతున్నాయి.

అమ్మడు దిగి, కొమ్మ చేతిలోకి తీసుకుని చూసింది. "ఆరువేల మూడొందల్లో చెట్టెక్కడిది మావయ్యా?" అంది. తర్వాత తనే, "దిగేటప్పుడు రన్‌వే పక్కన తగిలుంటుందిలే," అనుకుంది. ఆ రన్‌వే పక్కన చెట్లు లేవు. ఇద్దరూ చూశారు.

ఒక గంటలో వెనక్కి బయల్దేరాలి. లోయ ఆసుపత్రి నుంచి ఒక పెట్టె చీకటి పడేలోపు చేరాలి.

"ఈ రోజుకి ఇక్కడే ఉండిపోదాం," అన్నాడతను.

"ఎందుకు?"

"మబ్బు..."

"వచ్చేటప్పుడూ ఇదే మబ్బుగా. నీకు నలతగా ఉంటే నువ్వు పడుకో. ఇక్కడో కెప్టెన్ ఖాళీగా ఉన్నాడట, నేను ఆయనతో వెళ్ళిపోతా. అమ్మకి రాత్రికి వస్తానని చెప్పాను."

తను ఆగితే పిల్ల ఇంకొకరి పక్కన కూర్చుని, ఇదే విమానంలో, ఇదే రంపం మీదుగా వెళ్తుంది. పిల్లని ఆపగలిగిందల్లా నిజం ఒక్కటే. నాలుగు వాక్యాలు. ఇందాక మబ్బులో గడగడా చెప్పేశాడు కదా, ఇప్పుడు నేల మీద, వెలుతుర్లో, ఎదురుగా ఆ కళ్ళు పెట్టుకుని ఒక్క వాక్యం రావడం లేదు. అవి అచ్చంగా బావ కళ్ళు. అంతకు ముందెన్నడూ అతను గమనించలేదు.

"అది కాదు అమ్మడూ..." అన్నాడు.

"చెప్పు."

"నేనే వస్తాలే."

"అలా రా దారికి!" అని నవ్వేసింది. మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు అట్ట తీసి చూపించింది. "అన్నట్టు, ఇంకెప్పుడూ అలా ఆట పట్టించకు. చెక్ చేసేటప్పుడు వేళాకోళాలొద్దు."

"ఏం ఆట?"

"ఇదిగో, అంకె దగ్గర రెండు టిక్కులు. నాదీ అంతే అని ఒకసారి మామూలుగా అన్నావు, వెంటనే గొంతు మార్చి బొంగురుగా మళ్ళీ అన్నావు. జవాబు వచ్చినప్పుడల్లా టిక్కు పెట్టడం నాకు అలవాటైపోయింది, చెయ్యి ఆగలేదు."

అతను ఆ రెండు టిక్కుల కేసి చూస్తూ నిలబడ్డాడు. అప్పుడైనా చెప్పాల్సింది. అప్పుడు కూడా, తేలు కుట్టిన దొంగలా, నోరు మూసుకునే ఉన్నాడు.

* * *

మళ్ళీ సీట్లలో కూర్చున్నారు. మైకు తీగ అమ్మడే గట్టిగా గుచ్చింది. ఆసుపత్రి పెట్టె వెనక కట్టారు, ఖాళీ సంచులు దానిమీద మడిచి వేశారు. వాన మళ్ళీ మొదలైంది. రేడియోలో అంకె మారలేదు.

తలుపు మూయగానే లవంగం వాసన వచ్చింది.

అమ్మడు తన మర తిప్పింది, వంగి చూసుకుంది. "నాది తొమ్మిది వందల తొంభై ఏడు. నీది?"

అతను తన కిటికీలోకి చూశాడు. వెయ్యి ఏడు. అమ్మడి కిటికీలోకి చూశాడు. వెయ్యి ఏడు. మర మీద చెయ్యి వేశాడు, తిప్పాడు, తీశాడు. వెయ్యి ఏడు.

"మావయ్యా?"

పిల్ల మొహంలో కోపం పూర్తిగా పోయింది. ఇందాక మరీ కేకలేశానేమోనన్న జాలి మాత్రం ఉంది. చిన్నప్పుడు సైకిలు నేర్పించేటప్పుడు, వెనక పట్టుకున్నావు కదా అన్నట్టు చూసేదే, ఆ చూపు. వదిలేశాక కూడా అతను పట్టుకున్నానే అనేవాడు.

మాట గొంతు దాకా వచ్చింది. నాలుగు వాక్యాలు. వెనక ఖాళీ సంచులు మెల్లిగా కుంగిన చప్పుడైంది.

"నాదీ అంతే," అన్నాడు.

ఈసారి అంకె చదవమని అమ్మడు అనలేదు. మావయ్యే కదా అనుకుందేమో. తల వంచి కాగితం మీద టిక్కు పెట్టింది.

ఒక్క క్షణం ఆగి, ఇంకో టిక్కు పెట్టింది.